పదేళ్ళుగా కంప పెరిగిన స్థలంలో ఇల్లు కట్టాలంటే ముందుగా ఏం చేయాలి?

పాపాఘ్ని తీరం (కమలాపురం):

అందరికీ నమస్కారం. మాది కమలాపురం దగ్గర ఒక పల్లె. ఊరికి దక్షిణాన మా నాన్నగారు కొన్న పదిహేను సెంట్ల స్థలం, అంటే 726 గజాలు, ఉంది. ఆయన పోయాక నేను కువైట్‌లోనే ఉండిపోవడంతో పదేళ్ళకు పైగా ఆ వైపు ఎవరూ తొంగి చూడలేదు. ఇప్పుడు తిరిగి వచ్చి చూస్తే స్థలమంతా సర్కారు తుమ్మ అల్లుకుపోయి, లోపలికి అడుగు పెట్టే సందు కూడా లేదు. కొన్ని మొదళ్ళు నా తొడ లావున ఉన్నాయి. నడుమ ఒక వేపచెట్టు తల మాత్రం పైకి కనబడుతోంది. తూర్పున నిలువెత్తు పుట్ట ఉన్నదని ఊళ్ళో వాళ్ళు చెబుతున్నారు. నేల నల్లరేగడి.

శ్రావణంలో ముగ్గు పోసి పునాది తీయాలని మా అమ్మ కోరిక. జేసీబీని రెండు రోజులు పెడితే చదునైపోతుందని ఒకరు, కట్టెలు వదిలేస్తే బొగ్గుల వాళ్ళు డబ్బు అడగకుండానే కొట్టుకుపోతారని మరొకరు అంటున్నారు. ఈ పని స్వయంగా చేయించినవారు దారి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

హగరి గాలి (రాయదుర్గం):

అన్నా, బొగ్గుల వాళ్ళకు అప్పగించే ముందు నా సంగతి వినండి. మాది గరుసు కలిసిన ఎర్రనేల, ఎనిమిది సెంట్లు. నేనూ అలాగే కట్టెలకు కట్టె, కూలికి కూలి సరిపోతుందని ఒప్పుకున్నాను. వాళ్ళు మోకాలి ఎత్తున నరికి, పనికొచ్చే దుంగలు తీసుకొని, ముళ్ళ కంపను స్థలంలోనే పోగుపెట్టి వెళ్ళిపోయారు. ఒక వాన పడింది. నెల తిరగకముందే ఒక్కొక్క మోడు చుట్టూ పదిహేను, ఇరవై ఎర్రని చిగుళ్ళు లేచాయి. ఒక చెట్టున్న చోట ఒక పొద తయారైంది. ఎవరో చెబితే మోళ్ళ మీద డీజిల్ పోసి కాల్చాను. పైన బొగ్గైంది కానీ, తర్వాతి వానకు మట్టి లోపలి నుంచి పక్కగా మళ్ళీ చిగుళ్ళు వచ్చాయి. చివరకు జేసీబీతో పెకలించక తప్పలేదు. ఒకే పనికి రెండు ఖర్చులయ్యాయి.

కాబట్టి ఎవరితో మాట్లాడుకున్నా మొదళ్ళతో సహా తీసి, ముళ్ళ కంప కూడా బయటికి తరలించాలని ముందే కాగితం మీద రాయించుకోండి. కాల్చడం మాత్రం వద్దు. ఎండు కంపకు గాలి తోడైతే పక్క చేలో వామి దాకా పోతుంది.

సర్వేరాయి (ప్రొద్దుటూరు):

జేసీబీ మాట తర్వాత. మీ హద్దురాళ్ళు ఎక్కడున్నాయి? పదేళ్ళు కంపలో మునిగిన స్థలంలో యంత్రాన్ని నేరుగా దించితే మొట్టమొదట లేచిపోయేవి ఆ రాళ్ళే. అవి పోయాక మీకూ పక్కవారికీ మధ్య మాటకు మాట పెరుగుతుంది. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం హద్దురాయిని తొలగించడం నేరమని కూడా చాలామందికి తెలియదు.

అలాగని కంప ఉండగా కొలవడమూ కుదరదు. మా వాళ్ళు పాటించే పద్ధతి ఇది. ముందు నలుగురు కూలీలను పెట్టి, నాలుగు వైపులా హద్దు వెంట ఒక మనిషి నడిచేంత వెడల్పున చేతితోనే దారి కొట్టించండి. గ్రామ సచివాలయంలో ఎఫ్ లైన్ (స్థలం హద్దు గీత) కొలతకు దరఖాస్తు ఇచ్చి, చుట్టుపక్కల పట్టాదారులకు నోటీసు వెళ్ళేలా చూసుకొని, వారి సమక్షంలోనే, సర్వే కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీ ప్రకారం కొలిపించండి. దొరికిన రాళ్ళకు సున్నం పూసి, పక్కన ఎత్తుగా ఒక కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి. ఆ తర్వాతే యంత్రం లోపలికి రావాలి. స్థలం ఏదైనా వంకకు ఆనుకొని ఉంటే, వంక పోరంబోకు ఎక్కడ మొదలవుతుందో ఆ రోజే సర్వేయరును అడిగి గుర్తు పెట్టించుకోండి.

పాపాఘ్ని తీరం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వంక లేదు కానీ పడమట ఒక పాత దారి ఉండేదని అమ్మ అంటోంది. కొలత పూర్తయ్యేదాకా జేసీబీని రానివ్వను. మోళ్ళకు కలుపు మందు పూస్తే వేరుతో సహా చస్తుందని పట్టణంలో ఒక దుకాణదారు చెప్పాడు. నిజమేనా?

నాపరాయి (ఎర్రగుంట్ల):

నేను ముప్పై ఏళ్ళుగా ఇళ్ళ పనులు చూస్తున్నాను. అందులో సగం రేగడి నేలలోనే. మందు సంగతి ముందు చెబుతాను. అందరూ పేరు చెప్పే గ్లైఫోసేట్‌ను కేంద్ర ప్రభుత్వం 2022లో లైసెన్సున్న తెగుళ్ళ నివారణ సంస్థలకు మాత్రమే పరిమితం చేసింది. మీరు స్వయంగా కొని చల్లడానికి వీలులేదు. అంతకన్నా ముఖ్యం, మీకు కావలసింది చెట్టు చావడం ఒక్కటే కాదు. మొద్దు చచ్చి మట్టిలోనే ఉంటే కుళ్ళుతుంది, కుళ్ళిన చోట చెదలు చేరతాయి, ఆ తర్వాత అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. మీ పునాది కూర్చునేది ఆ ఖాళీ మీద. కాబట్టి పెకలించడం తప్ప వేరే దారి లేదు.

సర్కారు తుమ్మ కాండం, వేరు కలిసేచోట ఒక ముడి ఉంటుంది. అది భూమిలో అడుగు లోతు దాకా ఉండవచ్చు. చిగుళ్ళన్నీ పుట్టేది దాని నుంచే. నేలకు సమంగా నరికినా చిగురించడానికి కారణం అదే. పొలంలో అయితే ఆ ముడి తీసేస్తే చాలు, ఇల్లు వచ్చే చోట మాత్రం మణికట్టు కంటే లావైన వేళ్ళన్నింటినీ వెంబడించి తీయాలి. పని పదును మీద చేయించండి. నడివేసవిలో రేగడి రాయిలా బిగిసి ఉంటుంది కాబట్టి వేరు మధ్యలో తెగి లోపలే ఉండిపోతుంది. వాన పడిన మరునాడు పెడితే యంత్రం దిగబడుతుంది. మంచి వాన పడిన వారం, పది రోజులకు పైపొర ఆరి, కింద తేమ ఉన్నప్పుడు మొద్దు ముడితో సహా లేచి వస్తుంది. డ్రైవరుకు కాండాన్ని విరవవద్దని చెప్పండి. నడుము ఎత్తున కాండం మిగిలితేనే దాన్ని పట్టుకొని అటూ ఇటూ ఊపి లాగడానికి వీలవుతుంది. నున్నగా నరికేసిన మోడును లాగడం రెట్టింపు కష్టం.

ఇక గుంటలు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలైంది. మొద్దు లేచాక మిగిలిన గుంతలోకి పక్కనున్న వదులు మట్టిని బకెట్టుతో తోసి, పైన రెండుసార్లు చక్రం తిప్పి చదునైందంటారు. చూడడానికి బాగానే ఉంటుంది. వానలు పడ్డాక అది జానెడు కుంగుతుంది. మీరు ప్రతి గుంటలోనూ వేళ్ళు, ఆకులు, చెత్త తీయించి, అడుగున గట్టి నేల తగిలేదాకా వెడల్పు చేయించి, గరుసు మట్టిని ఆరు అంగుళాల పొరలుగా వేసి, ఒక్కొక్క పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టించాలి. తవ్విన రేగడినే తిరిగి గుంటలో వేయవద్దు. పై అరడుగు మట్టి నిండా తుమ్మ గింజలు, సన్న వేళ్ళు ఉంటాయి. దాన్ని గీకించి పెరటి వైపు పోగు పెట్టించండి, గచ్చు కిందికి రానివ్వవద్దు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పక తప్పదు. శ్రావణంలో పునాది తీయవద్దు. అంత దట్టంగా పెరిగిన చెట్లు ఇన్నేళ్ళుగా రేగడిలోని తేమను పీల్చి, లోతు వరకు ఎండగట్టి ఉంచాయి. చెట్లు పోయిన తర్వాత ఆ ఎండిన మట్టి వాననీరు తాగి నెమ్మదిగా ఉబ్బుతుంది. ఉబ్బడం పూర్తి కాకముందే దాని మీద గోడ లేపితే నేల గోడను పైకి తోస్తుంది, తలుపు దారబందాల మూలల నుంచి ఏటవాలుగా చీలికలు వస్తాయి. కనీసం ఒక వానాకాలం, మన కడప జిల్లాలో అయితే ఈశాన్య రుతుపవనాల వానలు కూడా పడి ఆగేదాకా, ఆ నేలను తాగనివ్వండి. పునాది రకాన్ని మట్టి పరీక్ష చేయించాకే ఇంజనీరు నిర్ణయించాలి. అమ్మగారికి నచ్చజెప్పండి. మాఘంలో మంచి ముహూర్తాలు ఉంటాయి.

కుందూ కోడలు (నంద్యాల):

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. యంత్రాలు, కొలతల గురించి పెద్దలు చెప్పారు. లోపలికి దిగే మనుషుల గురించి నేను చెబుతాను.

సర్కారు తుమ్మ ముల్లు ట్రాక్టరు టైరులోకే దిగబడుతుంది, హవాయి చెప్పులు దానికి ఒక లెక్క కాదు. గుచ్చుకున్న ముల్లు మొన లోపల విరిగి ఉండిపోతే కీలు దగ్గర వాపు నెలల తరబడి తగ్గక మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉన్నారు. సూదితో కెలుక్కోకుండా ఆసుపత్రికి వచ్చి, ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో చెప్పాలి. కూలీలకు మందపాటి అడుగున్న బూట్లు, తోలు చేతొడుగులు మీరే కొనివ్వండి. నరికిన కంపను చేతితో పట్టుకోకుండా పంగల కర్రతో నెట్టించండి. వయ్యారిభామ ఉంటే దాని పూత రాకముందే పీకించండి, ఆ మొక్క తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వస్తాయి.

పుట్ట ఉన్నదన్నారు కాబట్టి పాముల గురించి కూడా చెప్పాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఒళ్ళు రంపంలా రాసుకొని శబ్దం చేసే చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఇంజెక్షను ఒకటే. కరిచిన పామును వెదకడానికి సమయం వృథా చేయకండి. కరిచిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. ఎముక విరిగినప్పటిలా కర్ర ఆసరాగా కట్టి, ఆ మనిషిని నడిపించకుండా 108లో తీసుకురండి. పని మొదలయ్యే రోజే దగ్గరి ఆసుపత్రిలో విషానికి విరుగుడు ఉన్నదో లేదో ఫోను చేసి కనుక్కోవడం మంచిది.

లంకమల నీడ (బద్వేలు):

మీ ఊరి కంపకు ఒక చరిత్ర ఉందని మీకు తెలుసో లేదో. ఈ చెట్టు మన దేశపుది కాదు. వంటచెరకు కోసం 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను మొదట నాటింది మీ కమలాపురం తోటల్లోనే. పశువులు, మేకలు కాయలు తిని పేడ వేసిన చోటల్లా మొలిచి, ఈనాడు రాయలసీమలో అది లేని బీడు లేదు. దాన్ని పెకలించడంలో నాకే అభ్యంతరమూ లేదు.

అయితే కంపలో ఉన్నవన్నీ తుమ్మ కాదు. తంగేడు, రేగు, కలివి, బలుసు మన నేల మొక్కలు. హద్దు దారి కొట్టించేటప్పుడు ఏవి ఏవో చూడండి. అంచున ఉన్న వాటిని కంచెగా వదిలినా ఇంటికి అడ్డు రావు. 1848లో శాస్త్రవేత్త జెర్డన్ గుర్తించిన కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందని అందరూ అనుకున్నాక, 1986 జనవరిలో మా వైపు రెడ్డిపల్లి దగ్గర దొరికింది. అది బతికేది దట్టమైన అడవిలో కాదు, పొదకూ పొదకూ మధ్య నేల ఖాళీగా ఉండే ఇలాంటి చిట్టడవిలోనే. ఊరి పక్క పదిహేను సెంట్లలో కలివికోడి ఉండదు. కానీ కొండల అంచున ఎకరాలకు ఎకరాలు కొని చదును చేయించేవాళ్ళు కూడా ఈ చర్చను చదువుతారని ఈ మాట రాస్తున్నాను.

చట్టం సంగతి కూడా. వాల్టా అని మనం పిలిచే 2002 నాటి చట్టం ప్రకారం పట్టా భూమిలోని చెట్టుకైనా నరికే ముందు అనుమతి అవసరం కావచ్చు. వేప ఉన్నదన్నారు కాబట్టి దాన్ని తీసే ఆలోచన ఉంటే ముందు అధికారులను అడగండి. ఎర్రచందనం మొక్క ఒక్కటి కనబడినా ముట్టుకోకుండా అటవీశాఖకు చెప్పండి, సొంత స్థలమైనా సరే.

పాపాఘ్ని తీరం:

వేపను తీయడం నాకూ ఇష్టం లేదు, అది నాన్నగారు నాటింది. ఇంటికి ఎంత దూరంలో ఉంటే క్షేమం? పుట్టను తవ్వడానికి మా మేస్త్రి ఒప్పుకోవడం లేదు. ప్రతి నాగులచవితికి ఆ వీధి ఆడవాళ్ళు అక్కడ పాలు పోస్తారట.

నాపరాయి (ఎర్రగుంట్ల):

రేగడిలో చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరం గోడ ఉండాలని నేను నమ్ముతాను. వేప నడుమ ఉంది కాబట్టి మీ స్థలంలో అంత దూరం దొరకడం కష్టమే, అయినా వీలైనంత దూరం ఉండేలా ఇంటిని పడమటికి జరిపి గీయమనండి. పుట్ట విషయంలో మేస్త్రిని బలవంతపెట్టకండి. అది మీ కట్టడం పరిధిలోకి రాకపోతే వదిలేసి చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టండి, పూజ జరుగుతూనే ఉంటుంది. పరిధిలోకి వస్తే ఊరి పెద్దలతో, ఆ వీధి ఆడవాళ్ళతో మాట్లాడి, పూజ చేయించి, ఆ తర్వాతే తవ్వించండి. తవ్వడమంటూ జరిగితే పైన చెక్కి ఊరుకోవద్దు. చెదల రాణి గది భూమట్టానికి కిందనే ఉండవచ్చు, అది దొరికేదాకా తవ్వాలి. ఆ తర్వాత పునాది కందకాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 చెప్పిన పద్ధతిలో చెదల మందు పట్టించండి. పైపైన చల్లించి డబ్బు తీసుకునేవాళ్ళు ఎక్కువ, మీరు దగ్గరుండి చూడండి.

ఆదోని రేగడి (ఆదోని):

ఇంతమంది ఇంత చెప్పినా ఒక ముఖ్యమైన విషయం మిగిలిపోయింది. మీ స్థలం పాత ఊరిని ఆనుకొని ఉన్నదా? అయితే పాతరల గురించి అడగండి. మా తాతల కాలంలో జొన్నలను రేగడి నేలలో తవ్విన పాతరల్లో నిలవ చేసేవారు. నోరు మనిషి దిగేంత సన్నంగా, కడుపు గది అంత వెడల్పుగా ఉండేది. పైన బండ మూసి మట్టి కప్పేవారు. వాటిని వదిలేశాక పైన కంప పెరిగింది, ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళు ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు.

మా ఇంటి స్థలం చదును చేసిన గుత్తేదారుకు అలాంటిది ఒకటి కనబడితే, మాకు చెప్పకుండా చెత్తా, కంపా, పగిలిన ఇటుకలూ నింపి పైన మట్టి పోశాడు. మూడో ఏట వంటింటి గచ్చు పళ్ళెంలా కుంగింది. పగలగొట్టి చూస్తే కింద సగం కుళ్ళిన తుమ్మ దుంగలు ఉన్నాయి. అందుకే అడుగుతున్నాను, ఆ వీధిలో ఎనభై దాటిన అవ్వలు ఎవరైనా ఉంటే వెళ్ళి కూర్చొని మాట్లాడండి. గడ్డపారతో నాలుగేసి అడుగులకు ఒకచోట గట్టిగా పొడిపించండి. కింద డొల్లగా ఉంటే శబ్దం వేరుగా వస్తుంది. దొరికితే లోపలికి ఎవరినీ దించవద్దు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న పాతరలో చెడుగాలి నిండి మనిషి ఊపిరాడక పోతాడు. పెద్దలు దీపం దించి చూసేవారు కానీ, దాన్ని నమ్మి కూడా దిగే అవసరం లేదు. యంత్రంతో కప్పు పడగొట్టి, పైనుంచే ఖాళీ చేయించి, నాపరాయి గారు చెప్పినట్టు పొరలుగా నింపించండి.

పాపాఘ్ని తీరం (రెండు నెలల తర్వాత):

ఇన్నాళ్ళకు వివరాలు రాస్తున్నందుకు మన్నించండి. హద్దు దారి కొట్టడానికే నలుగురికి అయిదు రోజులు పట్టింది. నాలుగు రాళ్ళలో మూడు దొరికాయి, ఒకటి పక్కవారి చింత మొదలులో సగం కూరుకుపోయి ఉంది. నాలుగోదాన్ని సర్వేయరు అందరి ఎదుటా నాటించారు. అమ్మ చెప్పిన పాత దారి నిజమే, అది మా పట్టాలోకి రాదని తేలింది. యంత్రం ముందే దిగి ఉంటే ఆ దారిని కూడా మేము చదును చేసేసేవాళ్ళం.

ఆదోని పెద్దాయనకు నా నమస్కారాలు. మా వీధి చివర ఉండే ముసలమ్మను అడిగితే, వేపకు ఉత్తరాన రెండు పాతరలు ఉండేవని, ఒకటి తన మెట్టినింటి వాళ్ళదేనని చెప్పింది. గడ్డపారకు ఒకటి దొరికింది. బండ లేపిన వెంటనే తడిసిన గోనె సంచి వాసన లాంటి గాలి పైకి కొట్టింది. లోపలి గోడకు గడ్డి పూత ఇంకా చెక్కుచెదరలేదు, అడుగున గుప్పెడు నల్లబడిన జొన్నలు కనబడ్డాయి. ఎవరినీ దించలేదు. మేము గీయించిన ప్లానులో సరిగ్గా హాలు మూల దాని మీదికి వచ్చేది. రెండోది వేప వేళ్ళ కింద ఎప్పుడో కూలి మూసుకుపోయిందని అనుకుంటున్నాము, ఆ వైపు కట్టడమే లేకుండా చేశాము.

అరవై రెండు మొద్దులు లేచాయి. పదును చూసి పెట్టించినందువల్ల ఎక్కువ భాగం ముడితో సహా వచ్చాయి. అమ్మ మొదట అలిగింది కానీ, పాతరను చూశాక ముహూర్తం మాఘానికి మార్చడానికి తనే ఒప్పుకుంది.

నాపరాయి (ఎర్రగుంట్ల):

సంతోషం నాయనా. వానలు ఆగాక గుంటలు ఎంత కుంగాయో కొలిచి రాయండి. కుంగిన చోట పై మట్టిని గీకి, మళ్ళీ గరుసు వేసి కొట్టించాకే ముగ్గు పోయించండి.

పాపాఘ్ని తీరం (సంక్రాంతి ముందు):

కొలిచాను. దాదాపు అన్నీ గట్టిగానే ఉన్నాయి. రెండు గుంటలు మాత్రం మూడేసి అంగుళాలు కుంగాయి, ఆ రెండూ నేను ఊళ్ళో లేని రోజున నింపినవి. వాటిని మళ్ళీ తవ్వించి నింపించాను. చదును చేసిన మేరకు అక్టోబరు వానల తర్వాత తుమ్మ మొలకలు లేచాయి. అమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి రెండు వేళ్ళతో పీకుతోంది. వేలెడు మొలకకు జానెడు వేరు ఉంటోంది. నిన్నటి లెక్క ఇరవై మూడు, ఇవాళ తొమ్మిది. పెకలించిన మొద్దుల చోట మాత్రం ఒక్క చిగురు కూడా లేదు.